కొత్త డాన్స్ సింగిల్‌ను దేన్ని బట్టి తూచాలి? (లేడీ గాగా ‘అబ్రకడబ్ర’తో మొదలు)

శ్రుతిపెట్టె (విజయవాడ) | 2025 ఫిబ్రవరి 8

అమెరికన్ గాయని లేడీ గాగా ‘అబ్రకడబ్ర’ ఫిబ్రవరి 2న గ్రామీ సంగీత పురస్కారాల వేడుక ప్రసారంలో ప్రకటనల విరామంలో మొదటిసారి వినిపించి, మరునాడు సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదలైంది. ఆ రోజు సాయంత్రానికే మన వేదికలో పాత చర్చ కింద ముప్పైకి పైగా తీర్పులు వచ్చి చేరాయి. పదికి పది అన్నవారూ, పదికి మూడు అన్నవారూ ఉన్నారు. ఎందుకు పది, ఎందుకు మూడు అని రాసినవారు మాత్రం ఇద్దరే కనిపించారు. అందుకే ఈ చర్చను విడిగా మొదలుపెడుతున్నాను.

నా మనవి ఒక్కటే. పాట వచ్చిన రోజున మార్కులు వేయకుండా కనీసం వారం ఆగుదాం. ఆ వారంలో పాటను మూడు చోట్ల, అంటే ఇంట్లో ప్రశాంతంగా ఒకసారి, నడుస్తూ ఒకసారి, నలుగురి మధ్య ఒకసారి విందాం. డాన్స్ పాట కచేరీ పాట వంటిది కాదు. దాని పని మనిషిని కదిలించడం. కూర్చుని విన్నప్పుడు మామూలుగా అనిపించిన బేస్ (కింది స్థాయి స్వరాల) వరుస నడకలో కాలిని పట్టుకుంటుంది. ఇయర్‌ఫోన్లలో అద్భుతం అనిపించిన చిన్న చిన్న శబ్దాలు పదిమంది ఉన్న గదిలో కలిసిపోయి వినిపించకుండా పోతాయి.

ఐదు రోజులు విన్న తరువాత నాకు తోచింది చెబుతాను. ఈ పాట బలమంతా పల్లవి ఎత్తుగడలో ఉంది. అర్థం లేని అక్షరాల వరుసను ఆమె జతి చెప్పినంత నిక్కచ్చిగా, ప్రతి అక్షరాన్నీ దెబ్బ మీద నిలబెట్టి పలికింది. చరణాలు నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. కనుక మార్కులు ఇప్పుడే వేయను.

నీలిగోరింట | 2025 ఫిబ్రవరి 8

శ్రుతిపెట్టె గారూ, మీ మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. పది వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు పాట విన్నప్పుడు కలిగిన ఆనందం అబద్ధం కాదు. 2009లో ‘బ్యాడ్ రొమాన్స్’ వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. మా అక్క హాస్టల్ నుంచి తెచ్చిన మెమరీ కార్డులో విన్నాను. ఆ పాటలో ఆమె తన పేరునే ముక్కలు చేసి పాడిన తీరు అప్పుడు ఎంత కొత్తగా అనిపించిందో, ఇప్పుడు ఈ పాట ఎత్తుకోగానే అదే ఒళ్లు జలదరింపు కలిగింది. మొదటి రోజు స్పందన కూడా పాట గురించి ఒక నిజం చెబుతుందని నా నమ్మకం. వారం ఆగితే ఆ నిజం చల్లారిపోతుంది.

సౌండ్ బాక్స్ (హైదరాబాద్) | 2025 ఫిబ్రవరి 9

నేను మిక్సింగ్ పని, అంటే గొంతునూ వాద్యాలనూ సరైన పాళ్లలో కలిపే పని, చేస్తాను కాబట్టి ఎలా వినాలన్న దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

డాన్స్ పాటకు ప్రాణం కిక్ డ్రమ్మూ (దరువును మోసే బరువైన డ్రమ్ము దెబ్బ), బేసూ. కిక్ దెబ్బలో ఒంటికి తగిలే భాగం దాదాపు 50 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు అనే లెక్క) మధ్య ఉంటుంది. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు ఏమీ పలకదు. అంటే ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పినవారు పాటలో సగాన్ని అసలు వినలేదు. ఇది ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. స్నేహితుడు ఫోన్ చాచి ‘విను’ అంటే నేనూ అలాగే వింటాను. ఆ వినడంతో మాత్రం తీర్పు చెప్పకూడదు.

రెండవది, కిక్ పడిన ప్రతిసారీ మిగతా వాద్యాలన్నీ క్షణంలో కొంత భాగంపాటు తగ్గి మళ్లీ లేచేలా మిక్స్ చేస్తారు. దానిని మేము సైడ్‌చెయిన్ అంటాం. పాట ఊపిరి తీస్తున్నట్లు అనిపించేది దానివల్లే. అది ఎక్కువైతే గొంతు కూడా ఊగిపోయి మాట తెలియదు, తక్కువైతే పాట చదునుగా పడి ఉంటుంది. గాయని గొంతును ఆ ఊపులో ఎక్కడ కూర్చోబెట్టారన్నదే కొత్త సింగిల్‌లో నేను ముందు చూసేది.

బియాన్సే 2022 జూన్‌లో విడుదల చేసిన ‘బ్రేక్ మై సోల్’ దీనికి మంచి ఉదాహరణ. అందులో వినిపించే ఆ గుండ్రటి, చెక్కలాంటి ఆర్గన్ బేస్ 1990ల హౌస్ సంగీతానికి (క్లబ్బుల్లో నాట్యానికి వేసే ఎలక్ట్రానిక్ సంగీతానికి) గుర్తు. రాబిన్ ఎస్. పాడిన ‘షో మీ లవ్’కు స్టోన్‌బ్రిడ్జ్ చేసిన రీమిక్స్‌లో కోర్గ్ ఎం1 కీబోర్డులో సిద్ధంగా దొరికే ఆర్గన్ శబ్దంతో అది ప్రపంచానికంతా తెలిసింది. బియాన్సే పాటలో ఆ బేస్ మీద ర్యాపర్ బిగ్ ఫ్రీడియా గొంతు మొరటుగా, ఆజ్ఞలా వచ్చి పడుతుంది. దాని పక్కన బియాన్సే ఎక్కడా అరవదు. అంత శక్తి గల గాయని తన గొంతును తగ్గించి దరువుకు చోటు ఇచ్చింది. పాట చివరన గాయక బృందం చేరేవరకూ ఆ నిగ్రహం నిలిచింది. తనకున్న గొంతునంతా ప్రతి పాటలో చూపించాలనుకునేవారికి డాన్స్ సంగీతం లొంగదు.

‘అబ్రకడబ్ర’లో నిర్మాతలు ఆండ్రూ వాట్, సర్కట్ గొంతును బాగా ముందుకు తెచ్చారు. నా చెవికి పల్లవిలో శబ్దాలు కొంచెం ఇరుకుగా ఉన్నాయి. పెద్ద స్పీకర్లలో మాత్రం ఆ ఇరుకే ఒక ఒత్తిడిగా మారి బాగుంది.

పాత క్యాసెట్ | 2025 ఫిబ్రవరి 9

సౌండ్ బాక్స్ గారు ‘షో మీ లవ్’ పేరు ఎత్తారు కాబట్టి నా మనసులో చాలాకాలంగా ఉన్న బాధ చెబుతాను. ఇప్పుడు వస్తున్న ప్రతి డాన్స్ సింగిలూ వెనక్కే చూస్తోంది. ‘బ్రేక్ మై సోల్’ 1990ల హౌస్ వైపు చూసింది. అరియానా గ్రాండే 2024 జనవరిలో తెచ్చిన ‘యెస్, అండ్?’ వినగానే 1990 నాటి మడోనా ‘వోగ్’ గుర్తుకు వస్తుంది. ఇప్పుడీ ‘అబ్రకడబ్ర’లో 1981లో సూక్సీ అండ్ ద బాన్షీస్ అనే బ్రిటిష్ బృందం పాడిన ‘స్పెల్‌బౌండ్’ ఛాయ ఉంది. ఆ పాట రచయితలకు ఇందులో పేరు కూడా ఇచ్చారు. దానిపైన ఆమె తన సొంత 2009 పాటలనూ మళ్లీ తలుచుకుంది.

1977లో డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’ను జార్జియో మోరోడర్, పీట్ బెల్లోటే కలిసి తయారు చేసినప్పుడు తబలా, గిటారు, వయొలిన్ల వంటివేవీ పెట్టకుండా పాటను దాదాపు మొత్తం మూగ్ సింథసైజర్ (సింథ్) అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీదే నడిపించారు. అంతకుముందు ఎవరూ అటువంటి శబ్దంతో నాట్యం చేసి ఉండలేదు. 1998లో షేర్ ‘బిలీవ్’ వచ్చింది. అప్పటికి ఆటో-ట్యూన్ బజారులోకి వచ్చి ఏడాది మాత్రమే. అపశ్రుతిని సరిదిద్దడానికి చేసిన పరికరాన్ని గరిష్ఠంగా బిగించి గొంతునే మెట్లుమెట్లుగా విరిచారు. ఆ రెండు పాటలూ విన్నవారు ఇది ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోయారు. నేటి సింగిల్ వింటే ఎక్కడి నుంచి వచ్చిందో పది క్షణాల్లో చెప్పగలుగుతున్నాం. నా తూకంలో కొత్తదనానికే మొదటి చోటు. అందువల్ల దీనికి ఐదుకు మించి వేయలేను.

కోలాటం (రాజమహేంద్రవరం) | 2025 ఫిబ్రవరి 10

పాత క్యాసెట్ గారూ, మీరు చెప్పిన చరిత్ర సరైనదే. కానీ కొత్తదనాన్ని శబ్దంలోనే వెతకడం న్యాయమేనా అని అడుగుతున్నాను. మన వాగ్గేయకారులు ఒకే రాగంలో పదుల కొద్దీ కీర్తనలు చేశారు. రాగం పాతదని ఎవరూ మార్కులు తగ్గించలేదు. ఆ రాగంలో ఈ కీర్తన కొత్తగా తెరిచిన తలుపేది అని చూశారు.

అరువు తెచ్చుకోవడంలోనూ తేడాలున్నాయి. మడోనా 2005లో ‘హంగ్ అప్’ కోసం అబ్బా బృందం 1979 పాట నుంచి ఆ ప్రసిద్ధమైన సింథ్ వరుసను అనుమతితో తీసుకుంది. అది పాటకు పునాది. దానిని తీసేస్తే పాట నిలబడదు. బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’ సంగతి వేరు. అందులో ఒళ్లు గగుర్పొడిచేలా కోసుకుంటూ వచ్చే ఆ తీగ వాద్యాలు మన దేశపు పాటలోనివి. 1981లో వచ్చిన ‘ఏక్ దూజే కే లియే’లో లక్ష్మీకాంత్-ప్యారేలాల్ స్వరపరచగా లతా మంగేష్కర్, మన బాలు గారు పాడిన ‘తేరే మేరే బీచ్ మే’ నుంచి వాటిని తీసుకున్నారు. ఆ చిత్రం బాలచందర్ గారి ‘మరోచరిత్ర’కు హిందీ రూపం కాబట్టి, ఆ తీగల వెనుక మనకు తెలిసిన విశాఖ సముద్రపుటొడ్డు కూడా ఉందని నాకు అనిపిస్తుంది. విరహంతో పాడుకునే పాటలోని నాలుగు క్షణాల వాద్యాన్ని కోసి, దానిని ప్రమాద సంకేతంగా మార్చారు. ‘టాక్సిక్’కు 2005లో ఉత్తమ డాన్స్ రికార్డింగ్ గ్రామీ వచ్చింది. మూలం తెలిసిన మనకు కూడా అది కొత్త పాటలాగే వినిపించింది కదా? అరువును తూచడానికి నా దగ్గర ఉన్న రాయి అదే. మూలం తెలిసినవాడు కూడా దానిని మరచిపోయి పాటలో పడిపోతే అరువు తీరినట్లే.

ఆ రాయితో తూస్తే ‘అబ్రకడబ్ర’లో ‘స్పెల్‌బౌండ్’ ఛాయ నాకు అడ్డు రాలేదు. ఆమె సొంత పాత పాటల ఛాయ మాత్రం కొంచెం అడ్డు వచ్చింది.

పాత క్యాసెట్ | 2025 ఫిబ్రవరి 10

‘టాక్సిక్’ విషయం ఒప్పుకుంటున్నాను. బాలు గారి పాట అని తెలిశాక రెండింటినీ వరుసగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

డాలస్ రాత్రి | 2025 ఫిబ్రవరి 11

నేను వారాంతాల్లో ఇక్కడి మన తెలుగువారి పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ పాటలు వేస్తాను. తీర్పు ఎలా చెప్పాలన్న ప్రశ్నకు నాకు నాట్యం చేసే నేల మీద దొరికిన జవాబు చెబుతాను.

2024 ఏప్రిల్ 11న ఒకే రోజున రెండు పాటలు వచ్చాయి. ఒకటి దువా లిపా ‘ఇల్యూజన్’. రెండవది సబ్రీనా కార్పెంటర్ ‘ఎస్ప్రెస్సో’. అప్పటికి దువా లిపా చాలా పెద్ద పేరు. కొత్త ఆల్బమ్‌కు ముందు ‘హుడీని’, ‘ట్రెయినింగ్ సీజన్’ తరువాత ఇది మూడవ సింగిల్. నేను ఆ వారం రెండింటినీ విని, ‘ఇల్యూజన్’ నా సంచిలో ఉండిపోతుంది, రెండవది నెల తిరగకుండా మాయమవుతుంది అని ఇదే వేదికలో రాశాను. ఆ మాట పూర్తిగా తప్పయింది. ‘ఎస్ప్రెస్సో’ బ్రిటన్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. మొన్నటి గ్రామీలో ఉత్తమ పాప్ ఏకగాన ప్రదర్శన పురస్కారం కూడా అందుకుంది.

ఎక్కడ తప్పానో చాలా రోజులు ఆలోచించాను. ‘ఇల్యూజన్’ మంచి నిర్మాణం. పల్లవికి ముందు ఒత్తిడి పెంచుకుంటూ వచ్చి ఒక్కసారిగా విడిచిపెడతారు. అది వేసినప్పుడు యువతీయువకులు చేతులు పైకెత్తుతారు. అయితే ఆ పైకెత్తడం అయిపోగానే పాటలో వాళ్లకు చేయడానికి ఏమీ మిగలదు. ‘ఎస్ప్రెస్సో’ అలా కాదు. నిమిషానికి సుమారు 104 దెబ్బల నిదానపు నడక అది. పరుగెత్తనక్కర్లేదు, ఎగరనక్కర్లేదు. నేను చూసిన ఒక పెళ్లిలో పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు, భోజనాల వరుస నుంచి వస్తూ, చేతిలో కిళ్లీ పట్టుకునే భుజాలు కదిపారు. ఆవిడకు ఆ పాటలో ఒక్క మాట తెలియదని ఖాయంగా చెప్పగలను. గాయని కూడా దానిని ఊపిరి బరువుతో, మాట్లాడుతున్నట్లు పాడింది. పల్లవిలో వ్యాకరణాన్ని కావాలని వంచిన ఒక చిన్న వాక్యం పిల్లలకు ఒకసారి వింటే వచ్చేసింది.

అప్పటి నుంచి కొత్త పాటను తూచేటప్పుడు శిఖరం ఎంత ఎత్తుగా ఉందన్నది మాత్రమే చూడటం మానేశాను. శిఖరానికీ శిఖరానికీ మధ్య మనిషి హాయిగా నడవగలడా అని చూస్తాను. ‘హుడీని’ ఆ పరీక్షలో నెగ్గుతుంది. టేమ్ ఇంపాలా పేరుతో పాటలు చేసే కెవిన్ పార్కర్, డానీ ఎల్ హార్ల్ కలిసి చేసిన ఆ బేస్ వరుస పాటంతా తానే మోస్తుంది. దువా లిపా కింది స్థాయి గొంతుకు అంతకన్నా సరిపోయే బేస్ ఆ ఆల్బమ్‌లో నాకు దొరకలేదు.

శ్రుతిపెట్టె | 2025 ఫిబ్రవరి 11

డాలస్ రాత్రి గారూ, మీ తప్పును అంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. నాకు ఎంతో ఉపయోగపడింది.

చార్టుల మాట వచ్చింది కనుక ఒకటి కలుపుతాను. దువా లిపాదే ‘లెవిటేటింగ్’ అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో (వారవారం పాటల స్థానాలు చెప్పే చార్టులో) ఎప్పుడూ మొదటి స్థానానికి చేరలేదు. రెండవ స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. అయినా 2021 సంవత్సరాంత జాబితాలో అదే మొదటి పాట. మొత్తం 77 వారాలు ఆ చార్టులో ఉంది. అదే చార్టులో నేరుగా మొదటి స్థానంలో దిగి, నెలలోపే కిందికి జారిపోయే పాటలను కూడా మనం చూస్తూనే ఉన్నాం. మొదటి వారపు అంకె ఎక్కువగా గాయని పేరుకు పడిన ఓటు. కొత్త సింగిల్ మీద తీర్పు రాసేటప్పుడు ఆ అంకెను రుజువుగా చూపవద్దని నా విన్నపం.

పాత క్యాసెట్ | 2025 ఫిబ్రవరి 12

ఇంకొక మాట కూడా అడగాలి. దీనిని అపార్థం చేసుకోవద్దు. కైలీ మినోగ్ ‘పదం పదం’ వచ్చినప్పుడు ఆమెకు యాభై నాలుగేళ్లు. క్లబ్బులో ఒకరి చూపు తగిలి ఇంటికి వెళ్లడం గురించిన పాట ఆ వయసులో పాడితే నమ్మగలమా? పాట బాగుందనే అంటున్నాను. పాడినవారికీ పాటకూ పొంతన ఉండాలన్నది కూడా తూకంలో భాగం కాదా?

నీలిగోరింట | 2025 ఫిబ్రవరి 12

పెద్దవారు కనుక నెమ్మదిగానే చెబుతున్నాను. ఈ ప్రశ్న మగ గాయకుల విషయంలో ఈ వేదికలో ఒక్కసారైనా వచ్చిందా? నాలుగేళ్లుగా చదువుతున్నాను, నాకు కనిపించలేదు. అరవై దాటిన రాక్ గాయకులు ప్రేమ పాటలు పాడితే అనుభవం అంటున్నాం.

బ్రిటన్‌లో యువ శ్రోతల కోసం నడిచే బీబీసీ రేడియో 1 కూడా 2023 మేలో ‘పదం పదం’ను మొదట తన జాబితాలో పెట్టుకోలేదు. వయసు వల్లనేనా అని పెద్ద చర్చ జరిగింది. ఆ పాట మీద చిన్న చిన్న వీడియోలు చేసి దానిని వీధుల్లోకి తెచ్చింది ఆ రేడియో శ్రోతల వయసు పిల్లలే. తరువాత ఆ రేడియో కూడా చేర్చుకుంది. బ్రిటన్ చార్టులో పాట ఎనిమిదో స్థానానికి వెళ్లింది. 2024లో గ్రామీవారు ఉత్తమ పాప్ డాన్స్ రికార్డింగ్ అనే విభాగాన్ని కొత్తగా పెడితే మొదటి పురస్కారం దానికే దక్కింది. అంతకుముందు ఆమెకు గ్రామీ వచ్చింది 2004లో. మధ్యలో ఇరవై ఏళ్లు.

కోలాటం | 2025 ఫిబ్రవరి 12

నీలిగోరింట చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను పాటలోంచే జవాబు చెబుతాను.

‘పదం’ అనగానే మన చెవికి క్షేత్రయ్య పదం ముందు గుర్తుకు వస్తుంది. కైలీ పాటలో అది గుండె చప్పుడు. రెండక్షరాలు, మధ్యలో చిన్న విరామం, మళ్లీ రెండక్షరాలు. ‘ప’ పెదవుల మీద పేలుతుంది, ‘దం’ ముక్కులోకి దిగి మూసుకుంటుంది. గుండె కొట్టుకునే రెండు దెబ్బల్లో మొదటిది తెరుచుకున్నట్లు, రెండవది మూసుకున్నట్లు ఉంటుంది కదా, అచ్చం అలాగే. ఇనా రోల్డ్‌సెన్, లాస్ట్‌బాయ్ కలిసి రాసిన ఈ పాటలో కైలీ ఆ మాటను ఎక్కడా సాగదీయలేదు, గమకం వేయలేదు. పాటంతా రెండు నిమిషాల 46 క్షణాలు. అంతసేపూ ఆమె గొంతు చల్లగా, తొణక్కుండా ఉంటుంది. తనకు ఏం జరగబోతోందో ముందే తెలిసిన మనిషి నింపాది అది. ఇరవై ఏళ్ల అమ్మాయి పాడి ఉంటే ఇందులో తొందర వచ్చేది. పాటకూ పాడినవారికీ పొంతన ఉండాలన్న మీ సూత్రాన్నే తీసుకుంటే, ఆ పొంతన ఈ వయసు వల్లనే కుదిరిందని నా అభిప్రాయం.

పాత క్యాసెట్ | 2025 ఫిబ్రవరి 13

రాత్రి మళ్లీ విన్నాను. ఆ నింపాదితనం నేను ముందు గమనించలేదు. నా ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. కొత్తదనం విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

సౌండ్ బాక్స్ | 2025 ఫిబ్రవరి 13

కొత్తదనం కావాలంటే ఛార్లీ ఎక్స్‌సీఎక్స్ ‘వాన్ డచ్’ వినండి, పాత క్యాసెట్ గారూ. నిర్మాత ఈజీఫన్ చేసిన ఆ సింథ్ శబ్దం చెడిపోయిన యంత్రంలా గరగరలాడుతుంది. శుభ్రంగా మిక్స్ చేయడం నేర్చుకున్న నాబోటివాడికి మొదట చెవులు మూసుకోవాలనిపించింది. పదోసారికి ఆ గరగరే పాటకు శ్రుతి అని అర్థమైంది. ‘పదం పదం’కు వచ్చిన విభాగంలోనే మొన్న గ్రామీ దానికి వచ్చింది. వారం ఆగాలన్న శ్రుతిపెట్టె గారి నియమం అటువంటి పాటకు మరీ అవసరం. మొదటి రోజునే వేసి ఉంటే నేను రెండు మార్కులు వేసేవాడిని, ఇప్పుడు తొమ్మిది వేస్తాను.

శ్రుతిపెట్టె | 2025 మార్చి 12

నెల దాటింది. మార్చి 7న లేడీ గాగా ‘మేహెమ్’ ఆల్బమ్ కూడా వచ్చేసింది. మాట ఇచ్చినట్లు నా తీర్పు రాస్తున్నాను.

‘అబ్రకడబ్ర’కు పదికి ఎనిమిది. చరణాలు పట్టుబడలేదని రాశాను. రెండు వారాల తరువాత, బడికి వెళ్లే దారిలో, చరణం చివర గొంతు కిందికి దిగి పల్లవి కోసం నిలబడే చోటు దొరికింది. ఇక్కడ ఆమె దాదాపు హెచ్చరిస్తున్నట్లు పలుకుతుంది. అందువల్లే తరువాత వచ్చే అర్థం లేని అక్షరాలకు మంత్రం పఠించినంత బరువు వచ్చింది. అంతకుముందు అక్టోబరులో వచ్చిన ఆమె ‘డిసీజ్’కు నేను తొందరపడి తొమ్మిది వేశాను. దానిని ఆరుకు తగ్గిస్తున్నాను. మొదటిసారి విన్నప్పుడు ఆ బరువైన శబ్దానికి లొంగిపోయాను కానీ ఇప్పుడు పల్లవి గుర్తు చేసుకోబోతే శబ్దం గుర్తుకు వస్తోంది, వరుస రావడం లేదు.

నీలిగోరింట | 2025 మార్చి 12

నేను పది నుంచి దిగను. కానీ కారణం మారింది. మొదటి రోజు నా చిన్నతనం గుర్తుకు వచ్చినందుకు పది వేశాను. ఇప్పుడు మీరు చెప్పిన ఆ చరణం చివరి దిగుడు కోసం వేస్తున్నాను.

డాలస్ రాత్రి | 2025 మార్చి 31

నిన్న ఉగాది కార్యక్రమంలో భోజనాల తరువాత గంటసేపు పాటలు వేశాను. ‘అబ్రకడబ్ర’ మొదటి చరణానికి కదిలింది ఎనిమిది మందే. పల్లవి రాగానే పక్క హాలులో కూచిపూడి వేషాలు ఇంకా తీయని ఏడెనిమిదేళ్ల అమ్మాయిలు గజ్జెలతోనే పరుగెత్తుకుని వచ్చారు. ఆ అక్షరాల వరుసకు వాళ్లలో ఒకమ్మాయి అడుగులు కట్టింది. మిగతావాళ్లు ఆ అమ్మాయిని చూసి అందుకున్నారు. రెండవ పల్లవికి అందరి గజ్జెలూ కిక్ మీదే పడ్డాయి. పాట అయిపోయాక ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, ‘అంకుల్, మళ్లీ వేయండి, ఈసారి మొదటి నుంచీ చేస్తాం’ అని అడిగింది. మళ్లీ వేశాను.